కుల్పాష్ చెట్టు ఆపిల్

రాకెట్లు లేచే బైకనూరు ఉప్పునేలలో ఆపిల్ చెట్టు బతకదని అందరూ చెప్పారు. కుల్పాష్ వినలేదు. పదకొండేళ్లు బట్టలు జాడించిన నీళ్లూ కూరగాయలు కడిగిన నీళ్లూ పోసి పెంచింది. చివరికి ఈ ఏడాది ఏడంటే ఏడు కాయలు కాసింది. మొదటిది ఆమె భర్త సెయ్దఖ్మెత్ కొరికాడు. కుడికన్ను మూసుకుపోయింది. మూతి అష్టవంకరలు తిరిగింది.

"ఎలా ఉంది?"

"ఆరోగ్యానికి మంచిది," అన్నాడు కళ్లు తుడుచుకుంటూ.

అంతరిక్ష కేంద్రానికి సామాన్లు మోసుకెళ్లే మనుషుల్లేని నౌకలో అన్నిటికంటే చివర ఎక్కించేవి తాజా పళ్లు. పంతొమ్మిదేళ్లుగా వాటిని ఏరి, తుడిచి, సంచుల్లో సర్దేది కుల్పాషే. ఇంటికొచ్చినవాళ్లను ఏదో ఒకటి చేతిలో పెట్టకుండా సాగనంపని మనుషులు కుల్పాష్ వాళ్లు. అంత దూరాన ఉన్నవాళ్లకు ఇన్నేళ్లూ దుకాణం పళ్లే పంపానన్న బాధ ఆమెకు ముల్లులా గుచ్చుకునేది. అందుకే ఈసారి తన చెట్టు కాయల్లో నున్నటిదొకటి రుమాలులో చుట్టి తెచ్చింది. నాలుగుసార్లు తుడిచి సంచి అడుగున పెట్టింది.

తూకం చూసే ఎఫిమ్ సవెలిచ్ కళ్లద్దాలు సర్దుకున్నాడు. కాగితంలో రాసినదానికి గ్రాము తేడా వచ్చినా ఆయనకు ముద్ద దిగదు.

"అపా," అన్నాడు, అక్కడి భాషలో అక్కా అని. "రెండొందల ఎనభై గ్రాములు ఎక్కువుంది."

కుల్పాష్ ఖాళీ రుమాలు మడిచింది. "నూట నలభై నాదేనండీ. మా చెట్టు కాయ."

"తీసెయ్యండి."

"ప్రయాణం సంచిలో పెట్టింది మళ్లీ ఎలా తీస్తామండీ? తల కొట్టేసినట్టవదూ! అయినా, ఆ మిగతా నూట నలభై ఎవరిది?"

ఎఫిమ్ చెవులు ఎర్రబడ్డాయి.

"వెల్లుల్లి," అన్నాడు గొణుగుతూ. "మా ఆవిడ పెరట్లోది. పైనున్న కమాండరు మా పాత పక్కింటివాడులెండి."

"అలా చెప్పండి మరి! నన్ను మాత్రం దొంగని చేశారు!"

ఇద్దరూ చెరో దుకాణం ఆపిల్ బయటికి తీశారు. తూకం గ్రాముతో సహా సరిపోయింది. తీసినవాటిని అక్కడే నిలబడి తినేశారు.

"చప్పగా ఉంది," అంది కుల్పాష్.

"దూది," అన్నాడు ఎఫిమ్.

మర్నాడు రాకెట్ లేచింది. వీధి గుమ్మంలో నిలబడి "తెల్లని దారి!" అని ప్రయాణానికి దీవించింది కుల్పాష్. తీరా సాయంత్రం తెలిసింది, నౌకలో పెట్టేముందు పళ్లు పరీక్షించే డాక్టరమ్మ సంచులన్నీ మళ్లీ తెరిపించి, నచ్చని కాయలు పారేయించిందని. ఆ మాట విన్నప్పటినుంచి ఆమె టీలో చక్కెర వేయడం కూడా మరిచిపోతోంది.

"పారేసి ఉంటారు," అంది.

"పారేస్తే మాత్రం ఏమైంది, ముసల్దానా? ఇంకా అయిదున్నాయిగా," అన్నాడు సెయ్దఖ్మెత్. ఆ అయిదూ తనే తినాలని గుర్తొచ్చి నోరు మూసుకున్నాడు.

మూడో రోజు టీవీలో చూపించారు. నౌక తలుపు తెరుచుకుంది. వ్యోమగాములు ముగ్గురూ తేలుతూ వచ్చి తలో ఆపిల్ అందుకున్నారు. కమాండరు కొరికి నవ్వాడు. రెండోవాడూ నవ్వాడు. మూడోవాడు కొరికాడు. కుడికన్ను మూసుకుపోయింది. మూతి అష్టవంకరలు తిరిగింది.

సెయ్దఖ్మెత్ గభాలున లేచాడు. "మనదే! ఆ మొహం నాకు తెలుసు!"

రుచి ఎలా ఉందని కింది నుంచి ఎవరో అడిగారు. మూడోవాడు కళ్లు తుడుచుకున్నాడు.

"ఆరోగ్యానికి మంచిది," అన్నాడు.

"విన్నావా," అంది కుల్పాష్, టీలో మూడు చెంచాల చక్కెర వేసుకుంటూ. "అంత చదువుకున్నవాళ్లూ అదే మాటంటున్నారు."