పసుపు టోపీలు

కర్ర విరిగిన చప్పుడు ముందు విన్నాను, రక్తం తర్వాత చూశాను. కెనడాలోని కేంబ్రిడ్జ్‌లో మా ఫ్యాక్టరీ గేటు ముందు, స్ట్రైక్ మొదలైన రెండో వారంలో, పొద్దున్నే మంచు కురుస్తుండగా, అక్క తన చేతిలోని ప్లకార్డు కర్రతో మా యూనియన్ పెద్దాయన నుదుటి మీద కొట్టింది. ఆయన మోకాళ్ల మీద కూలబడ్డాడు. తలమీది పసుపు టోపీ ఎగిరి మంచులో పడింది. అక్క విరిగిన ముక్కతో మళ్లీ చెయ్యెత్తింది. నేను వెనకనుంచి నడుం పట్టుకుని లాగకపోతే చంపేసేదే, ఒట్టు.

అక్క అంటే తోడబుట్టింది కాదు. దక్షిణ చైనా నుంచి వచ్చిన మనిషి. కారు తలుపుల రేకులు వంచే ప్రెస్ దగ్గర నా పక్కన పనిచేసేది. ఎడమచేతికి రెండు వేళ్లు లేవు. అక్కడ ఇలాంటి ప్రెస్సే మింగేసింది. నేనే ఆమెను అక్కా అని పిలిచి, నన్ను చెల్లీ అనడం నేర్పాను. మిగతాదంతా మా ఇద్దరి వచ్చీరాని ఇంగ్లీషు.

మేం స్ట్రైక్‌కి దిగింది ఆ ప్రెస్ గురించే. దానికి ఒక సెన్సర్ ఉంటుంది. చెయ్యి లోపల ఉంటే మిషన్ దానంతటదే ఆగిపోతుంది. ఆర్డర్లు ఎక్కువైతే సూపర్‌వైజర్ ఆ సెన్సర్‌ని ఆపేసేవాడు, పని తొందరగా అవుతుందని. వేసవిలో ఒక అమ్మాయి అరచెయ్యి నుజ్జునుజ్జయింది. ఆ అరుపు నా చెవుల్లో ఉండిపోయింది. ఇంట్లో మిక్సీ వేసినా ఉలిక్కిపడతాను. సెన్సర్ ఆపితే మేం పని ఆపేస్తాం, ఆ హక్కు కాంట్రాక్టులో రాయండి, అదీ మా పట్టు. కంపెనీతో బేరానికి కూర్చునే కమిటీకి మేం ఓట్లేసి పంపినవాళ్లలో అక్క ఉంది. మేనేజర్లు కాఫీ తాగుతూ ఆ మాట దాటవేయబోతే, ఆమె ఎడమచెయ్యి బల్ల మీద పెట్టి అలాగే ఉంచేదట.

ఆ పొద్దున మా బదులు పనిచేయడానికి తెచ్చిన మనుషులతో ఒక వ్యాను వచ్చింది. కోర్టు ఆర్డరు ప్రకారం బండిని కాసేపే ఆపాలి, తర్వాత దారివ్వాలి. గుంపును అదుపులో పెట్టడానికి యూనియన్ ఆవేళే మొదటిసారిగా కొందరికి పసుపు టోపీలు పంచింది, దూరం నుంచి కనబడతారని. వ్యాను డ్రైవర్ ఆగలేదు. బంపరు నా తొడకు తగిలింది. నాకు ఒళ్లు మండిపోయింది. బానెట్ మీద రెండు చేతులతో బాదుతూ "నీ చేతులు పడిపోను!" అని తెలుగులోనే తిట్టాను. ఇంతలో టోపీలవాళ్లు వచ్చి మా భుజాలు పట్టి వెనక్కి గుంజసాగారు. నన్ను గుంజింది పెద్దాయనే, బండి కింద పడతానని. అప్పుడే అక్క కర్ర లేచింది.

పోలీసులు ఆమె చేతులు వెనక్కి విరిచి బేడీలు వేశారు. పెద్దాయన కుట్లు వేయించుకుని వచ్చి, కేసు పెట్టను గాక పెట్టను అన్నాడు. సాయంత్రానికి అక్కను వదిలేశారు. నా కారులో కూర్చోబెట్టుకుని, "నీకేమైనా పిచ్చా? మనవాళ్లనే కొడతావా?" అని అరిచాను.

అద్దంలోంచి బయటికి చూస్తూ చెప్పింది.

"అక్కడ మేం పని ఆపేసినప్పుడు యూనియన్‌వాళ్లు వచ్చారు. అందరికీ పసుపు టోపీలు. మాకోసమే వచ్చారనుకుని చప్పట్లు కొట్టాం, చెల్లీ. దగ్గరికొచ్చి కొట్టారు. జుట్టు పట్టుకుని ఈడ్చారు. నా పక్కనున్న పిల్ల పళ్లు ఊడాయి."

"యూనియన్‌వాళ్లా?"

"మా యూనియన్ అధ్యక్షుడు ఎవరనుకున్నావు? ఫ్యాక్టరీ డిప్యూటీ మేనేజరే."

అయినా అక్కావాళ్లు వదల్లేదట. కొట్టినకొద్దీ మొండికేసి, తమ మనుషులను తామే ఎన్నుకుని బల్ల దగ్గర కూర్చున్నారు. జీతాలు పెంచుకున్నారు. దాన్ని బేరం అనకూడదు, సంప్రదింపులు అనాలని పైవాళ్లు చెబితే సరే అన్నారు. మరుసటిసారి ఆ సంప్రదింపులు వీళ్లు లేకుండానే జరిగిపోయాయి. సంతకాలన్నీ అయిన కాంట్రాక్టు నోటీసు బోర్డు మీద కనబడింది. ఎన్నికైనవాళ్లను ఒక్కొక్కరినే బయటికి పంపారు.

"ఇది కెనడా అక్కా," అన్నాను.

"టోపీ అదే," అంది.

ఇంటికెళ్తే మా ఆయన నా తొడమీద కమిలిన మచ్చ చూసి బెంబేలెత్తిపోయాడు. వాటర్లూలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం ఆయనది. "నీకెందుకే ఈ స్ట్రైకులూ గొడవలూ? ఇక్కడే ఉండిపోవడానికి పీఆర్‌కి అప్లై చేసి కూర్చున్నాం. కేసులో ఇరుక్కుంటే ఏంటి పరిస్థితి?"

"నువ్వు కీబోర్డు కొట్టుకో. ప్రెస్‌లో పెట్టేవి నా చేతులు," అన్నాను.

కర్ర దెబ్బను కంపెనీ గార్డు వీడియో తీశాడు. వారం తిరక్కుండా కంపెనీ నుంచి కబురొచ్చింది. సెన్సర్ మాటతో సహా అన్నీ ఒప్పుకుంటారట. ఒక్కటే షరతు: అక్క ఉద్యోగం పోతుంది, యూనియన్ ఆమె తరఫున కొట్లాడకూడదు.

హాల్లో మీటింగు పెట్టారు. నుదుటి మీద కుట్లతో పెద్దాయన లేచాడు. అక్కడి టోపీల సంగతి ఆయనకు నేనే చెప్పాను. "ఆవిడ కొట్టింది నన్ను కాదు. నాకేం కోపం లేదు. ఈ కాంట్రాక్టు ఒద్దనండి," అన్నాడు. వెనకనుంచి ఒకడు, "ఒక్క మనిషి కోసం మేమందరం చలిలో చావాలా?" అని అరిచాడు. నేను వెళ్లి వాడి కాలరు పట్టుకున్నాను. కుర్చీలు పడిపోయాయి. ఎవరి గోళ్లో నా మెడ మీద గీసుకున్నాయి. సిగ్గులేని వెధవ, నిన్నమొన్నటిదాకా అక్క ఫ్లాస్కులోంచి టీ తాగినవాడే.

విడదీసి ఓట్లు మొదలెట్టారు. రహస్య ఓటు. కాగితం మీద గీత పెట్టి, మడిచి, డబ్బాలో వెయ్యాలి. అక్క గీత పెట్టింది. మడవలేదు. మూడువేళ్ల చేత్తో పైకెత్తి హాలంతటికీ చూపించింది. కాంట్రాక్టుకు ఒప్పుకుంటున్నాను అని ఉంది.

నేను పరిగెత్తి ఆ చెయ్యి పట్టుకుని కిందికి లాగాను. "నీ పొట్ట నువ్వే కొట్టుకుంటావా!" మోచేత్తో నా డొక్కలో పొడిచింది. ఊపిరాడలేదు. వంగిపోయిన నా చెవి దగ్గర అంది:

"ఈసారి నన్ను అడిగారు, చెల్లీ."

కాగితం డబ్బాలో వేసి, కోటు తొడుక్కుని వెళ్లిపోయింది. నేను ఒప్పుకోను అని గీత పెట్టాను. ఓడిపోయాను.

మళ్లీ పనిలో చేరిన మొదటి రోజు, కసికొద్దీ కావాలనే ప్రెస్‌లోకి చెయ్యి పెట్టాను. టక్కున ఆగిపోయింది. అక్క చోట కొత్తగా చేరిన అమ్మాయి బెదిరిపోయి రెండు చేతులతో నోరు మూసుకుంది. దాని పది వేళ్లూ చూసి, అక్కడే నిలబడి భోరున ఏడ్చాను.