దొరసాని కుర్చీ వెనక

ఎల్ఫ్ అంటే ఇంగ్లీషు కథల్లో సన్నగా, పొడుగ్గా, కోసు చెవులతో, అడుగు వేసినా ఆకు కదలని అడవి జాతి. నేను మెట్లెక్కితే కింది టిఫిన్ సెంటర్‌లో చట్నీ గిన్నె కదులుతుంది. ఎనిమిదో తరగతిలో బడి మానేశాను గానీ నా పొట్ట మాత్రం పై తరగతులకు పోతూనే ఉంది. అయినా ఆదివారం మధ్యాహ్నాలు నేను ఎల్ఫ్‌నే, ఒక గొప్పింటి దొరసానికి అంగరక్షకుణ్ని.

ఇది తెర మీద ఆడే ఆట కాదు. చిక్కడపల్లిలో ఒక కిరాయి గది, ఒక టేబుల్, కొన్ని పాచికలు, మిగిలినదంతా మాటలే. కథ నడిపేది ఆ గదిలో అద్దెకుండే కుర్రాడు, నేను తమ్ముడూ అని పిలుస్తాను. రాజూ వాడే, రాక్షసుడూ వాడే. దొరసాని వేషం అశోక్‌నగర్ హాస్టల్‌లో ఉండే ఒక చెల్లెది. నారాయణగూడలో నేను ఫోన్లకు గ్లాసులు అతికించే కొట్టుకు వచ్చినప్పుడు నేనే ఆమెను ఆటలోకి లాగాను.

చెల్లెకు చదువు బాగా వచ్చు. నలుగురు చూస్తుంటే మాత్రం గొంతు పెగలదు. ఒక కోచింగ్ సెంటర్‌లో టీచరు ఉద్యోగానికి డెమో క్లాసు చెప్పడానికి వెళ్ళి, చాక్‌పీసు పట్టుకుని నిలబడి, ఒక్క ముక్క చెప్పకుండా తిరిగొచ్చింది. సోమవారం ఇంకో చోట డెమో. అందుకే ఆ ఆదివారం తనే అడిగింది.

"తమ్మీ, ఈసారి రాజు ముందర నన్ను నిలబెట్టు. నేనే మాట్లాడాలె."

తమ్ముడు సభ నిండుగా ఉండాలని దోస్తులను కూడా పిలిచాడు.

మా గదిలో ఒక పద్ధతి ఉంది. సభ జరిగినంతసేపు అంగరక్షకుడు కుర్చీ వెనక నిజంగానే నిలబడాలి. టేబుల్ దగ్గర నోరు జారితే అది ఆటలో అన్నట్టే. వెనక్కి తీసుకోవడం ఉండదు.

ఊరికే నిలబడటం నావల్ల అయ్యే పని కాదు. కాలు మార్చాను. ఫ్యాను వంక చూశాను. మెడ గోక్కున్నాను.

"ఏందన్నా గట్ల ఆగమైతున్నవ్? ఎల్ఫ్‌లు గోక్కుంటరా?" అన్నాడు ఒక సభికుడు.

"మా అడవిల దోమలుండయ్ తమ్మీ. చిక్కడపల్లిల ఉంటయ్."

తమ్ముడు రాజు గొంతు పెట్టాడు. "మీ తండ్రి కోట తలుపు శత్రువుకు ఎందుకు తెరిచాడు? చెప్పు."

చెల్లె లేచింది. పెదవులు కదిలాయి గానీ మాట రాలేదు. కింద పెనం మీద నీళ్ళు చల్లిన చప్పుడు పైదాకా వినబడింది. రేపు కూడా ఇంతేనా అనుకున్నాను. కాలు ముందుకు పడింది. కాలు పడ్డాక నోరు ఆగుతుందా?

"తెరిచింది ఆయన కాదు, నేను!" అన్నాను.

తమ్ముడు తల పట్టుకున్నాడు. "అన్నా, ద్రోహం ఒప్పుకున్నవ్. ఇగ నీకు ఉరే."

"ఆగు!"

ఆ అరుపు చెల్లెది.

"ఈయన అబద్ధం చెప్తుండు. ఆ రాత్రి నా గుమ్మం కాడ నుంచి కదలనే లేదు. తలుపు తీసింది మా నాయనే. బయట చలిల ఊరోళ్ళ పిల్లలు ఏడుస్తుంటె తీసిండు. వాళ్ళెనక శత్రువు వస్తడని ఆయనకేం తెల్సు?"

సభికుడు అడ్డు ప్రశ్న వేస్తే వాడి వైపే తిరిగి ఇంకా గట్టిగా చెప్పింది. రాజు నన్ను వదిలేసి, కోటను ఆమెకే ఇచ్చాడు.

సోమవారం డెమో జరిగే సెంటర్ ఎదుట బండి స్టాండు వేస్తూ, తీస్తూ నిలబడ్డాను. చెల్లె బయటికొచ్చింది.

"ఎట్లయింది?"

"బుధవారం నుంచి రమ్మన్నరు."

నేను ఊరుకుంటానా? "చూసినవా, నిన్న నేను ముందటికి దుంకకపోతే నీకు గొంతే లేచేది కాదు."

చున్నీ మీది సుద్ద దులుపుకుంటూ నన్ను ఎగాదిగా చూసింది.

"మీ ఎల్ఫ్‌లు ఏడెనిమిది వందల ఏండ్లు బతుకుతరని నువ్వే చెప్తివి గదన్నా. జర రెండు నిమిషాలు ఆగనీకి ఏమైంది?"