సుబ్బమ్మ చేని పదును

2002 జూన్‌లో నన్ను నంద్యాల నుంచి ఆళ్లగడ్డ పక్కనున్న ఒక మండలానికి వ్యవసాయాధికారిగా బదిలీ చేశారు. విత్తనాలు పంచడం, పంటల విస్తీర్ణం నమోదు చేయడం, వర్షమాపకంలో ప్రతి ఉదయం ఎనిమిదిన్నరకు నీళ్లు కొలిపించి రిజిస్టరులో రాయించడం నా పనులు. ఆ ఏడాది రాయడానికి పెద్దగా ఏమీ ఉండేది కాదు.

దానికితోడు ఆ వేసవిలో నంద్యాల శిక్షణ తరగతుల్లో ఒక శాస్త్రవేత్త, భూమి వేడెక్కుతోందనీ వానల కాలాలు తారుమారవుతాయనీ పటాలు చూపించి చెప్పాడు. ఆయన చెప్పింది నిజమే. నేను దానికి నా దిగులు కూడా కలిపి ఊరూరా పంచాను. మన పిల్లల కాలానికి ఈ నల్లరేగడిలో శనగ పండదని ప్రతి రైతు సదస్సులోనూ ముగించేవాణ్ణి. నేను మైకు పట్టుకుంటే జనం టీ కూడా తాగకుండా లేచిపోయేవారు. నాకు ‘కరువు సారు’ అని పేరు పెట్టారని మా అటెండరు నవ్వాపుకుంటూ చెప్పాడు.

మా వైపు శనగను అక్టోబరులో, వానలు వెనకబట్టాక నేలలో మిగిలిన తేమ మీద విత్తుతారు. విత్తడానికి సరిపడే ఆ తేమనే పదును అంటారు. ఆ సెప్టెంబరులో రెండు వానలు పడి ఆగిపోయాయి. గోదాములో రాయితీ విత్తనాలున్నాయి. విత్తే వీలు లేకపోతే ఆ సంగతి ధ్రువీకరించి నంద్యాలకు తిప్పి పంపాలి. నేను నాలుగు ఊళ్లు తిరిగాను. మోటారుసైకిలు ఆపడానికి వీలుగా ఉన్న రోడ్డు పక్క చేలల్లోనే మట్టి తీసి చూశాను. అన్నీ నెర్రెలిచ్చి ఉన్నాయి. ‘విత్తుటకు అవకాశం లేదు’ అని నివేదిక రాసి, లారీకి కబురు పెట్టాను.

లారీ వచ్చే రోజు పొద్దున్నే సుబ్బమ్మ అనే రైతు ఆఫీసుకు వచ్చింది. ఆమెకు నాలుగెకరాల మెట్ట. దాచుకున్న విత్తనం పుచ్చిపోయింది. ఈ విత్తనం కూడా పోతే ఇంటిల్లిపాదీ కూలికి వలస పోవలసిందే.

“ఏం సారూ, ఇత్తనాలు యాడికి పంపిస్తాండావ్?” అంది.

పదును లేదమ్మా అన్నాను.

“రోడ్డు పక్కన జూస్తే ఏం కనపడ్తాది? నా చేనికి రా.”

నాకు ఒళ్లు మండింది. ఆమెదే తప్పని తేల్చడానికే వెళ్లాను. చేనిలో ఒక్క నెర్రె లేదు. వాన పడ్డ ప్రతిసారీ, నేల ఆరకముందే ఆమె గుంటక తోలించింది. గుంటక అంటే ఎద్దులు లాగే, వెడల్పాటి ఇనుప పలక ఉన్న పనిముట్టు. దానితో గుల్లబారిన పైమట్టి కింది తేమను ఆరనివ్వదు. సుబ్బమ్మ గడ్డపారతో తవ్వి, మట్టిని ఉండగా పిసికి, నడుమెత్తు నుంచి వదిలింది. ఉండ పొడి కాకుండా మూడు పెళ్లలుగా విడిపోయింది. సరిగ్గా పదునంటే అదే.

ఇది నీ ఒక్కదాని చేనే కదా అన్నాను.

ఆమె నవ్వింది. “గుంటక దోలినోళ్లు ఇంగా శానామంది ఉండారు. నీ మాటలిని దిగులుపడి ఇంట్లో కూకున్నోళ్ల చేలే సారూ, నెర్రెలిచ్చినాయి.”

సిగ్గుపడి మోటారుసైకిలు ఆఫీసు వైపు తిప్పాను. తిరిగొచ్చేసరికి సగం బస్తాలు లారీ ఎక్కేశాయి. దింపమంటే హమాలీలు నన్ను తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. నంద్యాలకు ఫోను చేసి, నేను సరిగా చూడలేదని మా సహాయ సంచాలకులకు చెప్పుకున్నాను. ఆయన ముందు చీవాట్లు పెట్టి, తర్వాత చేను చేనూ చూసి మళ్లీ రాయమన్నారు. రెండు రోజులు మట్టి ఉండలు పిసుకుతూ తిరిగాను. పదునున్న చేలన్నిటికీ విత్తనం ఇచ్చి, మిగిలింది పంపేశాను.

ఫిబ్రవరిలో సుబ్బమ్మ చేను కోతకొచ్చింది. మొక్కలు పొట్టి, కాయ పలుచన. అయినా తిండికీ మళ్లీ విత్తనానికీ సరిపోయింది. ఆ ఇంట్లో ఎవరూ వలస పోలేదు. నాకు చేటెడు శనగలు పెట్టి, తినేదాకా కదలనివ్వలేదు.

రిటైరయ్యేదాకా నేను వానల గురించి చెడు కబురు దాచలేదు. కాని దాన్ని చెప్పిన చోటే గుంటక ఎప్పుడు తోలాలో కూడా చెప్పాను. ఇక లాభం లేదని అధికారి అంటే రైతు చేను వదిలేస్తాడు. చేను వదిలేశాక ఆ అధికారి మాటే నిజమవుతుంది.