మేడమ్ ఇచ్చిన పొగ లెక్క

ఈ పొద్దున చాయ్ వడగట్టే జాలిలో ఒక పోగు తెగి ఉంది. దాన్ని కిటికీ వెలుతురుకు పట్టి చూస్తుంటే ఫోను మోగింది. ఇంజనీరింగ్ మొదటి సంవత్సరంలో మాకు పాఠం చెప్పిన మేడమ్ రాత్రి ఆసుపత్రిలో పోయారని నా పాత క్లాస్‌మేట్ చెప్పింది. గిన్నెలో చాయ్ అలాగే చల్లారిపోయింది.

మా కాలేజీ మేడ్చల్ దాటాక పొలాల మధ్య అప్పుడే కట్టారు. గోడల నుంచి ఇంకా సున్నం వాసన వచ్చేది. నేను కాన్వెంట్‌లో చదివిన పిల్లను. నాకు ప్రతి లెక్కకూ పుస్తకం చివర జవాబుండాలి, ఎవరితోనూ మాట్లాడే పని లేకుండా అక్కడికి చేరుకోవాలి. మేడమ్ ఇచ్చే సమస్యలకు ఆ చివరి పేజీ ఉండేది కాదు. కొన్నాళ్లకే ఇంజనీరింగ్ మానేసి మామూలు డిగ్రీలో చేరతానని ఇంట్లో చెప్పాను. మా బాపు సరేనన్నాడు.

ఆ వారమే మేడమ్ బోర్డు మీద రాశారు: "శామీర్‌పేట చెరువు కట్ట కాడ మక్క కంకులు కాల్చే అవ్వకు కండ్లు మండుతున్నయి. పొగ రాకుండ చేయాలె."

"విలువలియ్యలేదేంది మేడమ్?" అన్నాడు వెనక బెంచీ అబ్బాయి. "గాలి వేగమన్న చెప్పుండ్రి."

"అవ్వనిచ్చిన గదరా. ఇంకేం గావాలె?"

క్లాసంతా నవ్వింది. సమస్య రాసేముందు ఆమె ఆ చోటికి పోయి కూర్చునేవారట. వచ్చాక అన్నీ వివరంగా రాసుకుని, మేం సొంతంగా తెలుసుకోగలిగినవన్నీ కొట్టేసేవారు. మిగిలింది మాకిచ్చేవారు. మా జవాబు తప్పని ఎన్నడూ అనలేదు. "ఎవలికి పనికొస్తది?" అని మాత్రం అడిగేవారు.

చెరువు కట్ట మీద మావాళ్లు పొగ పైకి పంపే రేకు గొట్టానికి కొలతలు వేసుకుంటుంటే నేను అవ్వ పక్కన రాయి మీద కూర్చున్నాను.

"ఏంది బిడ్డా, నోట్లె నాలిక లేదా? కంకి తిను."

తింటూ చూశాను. నిప్పు కణకణలాడుతుంటే కార్లు ఆగకుండా పోతున్నాయి. పొగ లేస్తే నెమ్మదిస్తున్నాయి. చాలాసేపటికి నోరు తెరిచాను. "అవ్వా, పొగ చూసే ఆగుతున్నరేమో."

అవ్వ నిప్పు మీద విసరడం ఆపింది. "అట్లనా? గీ పాడు పొగను రోజూ తిట్టుకుంటనే ఉంటి."

మరునాడు అంతే రాసిచ్చాను. బొమ్మ లేదు, జవాబు లేదు. సున్నా వేస్తారనుకున్నాను. మేడమ్ నిలబడే చదివారు. బోర్డు దగ్గరికెళ్లి తన సమస్యలో చివరి వాక్యం చెరిపేసి, "పొగ కనబడాలె, కండ్లల్లకు పోవద్దు" అని రాశారు.

"నేనూ పోయి కూసున్న. నాకు కనబడలే," అన్నారు నావైపు తిరిగి. "ఇగ పొయ్యి ఎట్ల మారుస్తవో రేపు చెప్పు."

నా మాటకు ఒక పెద్దమనిషి తన మాట మార్చుకోవడం అదే మొదటిసారి చూశాను. తర్వాత నాలుగేళ్లూ ఆమె ముందు నేను తలెత్తే మాట్లాడాను.

మేడమ్ బోర్డు చెరిపిన ఆ రోజే, నా సర్టిఫికెట్లు వాపసు తీసుకోవడానికి బాపు కాలేజీ ఆఫీసు ముందు బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. రేపు నాకు క్లాసుందని చెప్పి బాపును ఇంటికి పంపించాను.