పదో అక్షరం దగ్గర కత్తెర

మానవజాతి వేళ్లమీద లెక్కపెట్టడం ఎప్పుడు మొదలుపెట్టిందో పండితులు ఇంకా తేల్చలేదు గానీ, జగ్గయ్యపేట ప్రేమానందం మొదలుపెట్టింది మాత్రం రెండువేల మూడు జూన్‌లో. అప్పట్నుంచీ ఏ పేరు చెవినబడ్డా, ఇంగ్లీషులో రాస్తే ఎన్ని అక్షరాలో అతని వేళ్లు వాటంతటవే ముడుచుకుని లెక్కేసేవి. శుభలేఖ చదువుతుంటే ముడుచుకునేవి, చర్చిలో పాట మధ్యలో ముడుచుకునేవి. రెండు చేతుల వేళ్లూ చాలకపోతే ఆ పేరుగలవాళ్ల మీద అతనికి జాలి కలిగేది.

కారణం నందిగామలో ఉంది. ఎరువుల కొట్టు మేడమీద అనిల్‌కుమార్ పెట్టిన కంప్యూటర్ సెంటర్లో అతను మ్యాపుల ఆపరేటరు. బోర్లూ చెరువులూ ఉన్న మ్యాపు ఒకరకం ఫైల్లో వస్తుంది. బెజవాడ నీళ్ల ఆఫీసుకి ఇంకోరకం ఫైల్లో కావాలి. మార్చడానికి ఒక్క నొక్కు చాలు. అయితే మ్యాపు వెనక ఒక పట్టిక ఉంటుంది, అందులో ఒక్కో నిలువు వరసకీ ఒక పేరుంటుంది. కొత్త ఫైలు ఆ పేరుకి పది అక్షరాల చోటే ఇస్తుంది. పదకొండో అక్షరం ఎంత గొప్పింటిదైనా గుమ్మం బయటే.

అందుకని ఏ పొట్టిపేరు ఏ పొడుగుపేరుదో కాగితం మీద రాసి, సీడీ కవరుకి పిన్ను కొట్టడం ప్రేమానందం పద్ధతి. మరుసటేడు మార్చిలో ఒకరోజు ఆ పద్ధతి తప్పింది.

"పేర్లు మిషనే కోసుకుంటుందిలేవయ్యా, నువ్వు నొక్కు. సాయంత్రానికి సీడీ బెజవాడ చేరాలి," అన్నాడు అనిల్‌కుమార్.

బస్సులో నిలబడి వచ్చిన నడుము రాయనంది. ప్రేమానందం నొక్కేశాడు.

ఆ పట్టికలో బోర్లలో వానాకాలం నీళ్లకొక వరస, ఎండాకాలం నీళ్లకొక వరస ఉన్నాయి. 'బోర్‌వెల్ వాటర్' దాకా రెండు పేర్లూ ఒకటే. పదో అక్షరం దగ్గర కోసేసరికి రెండూ కవలలయ్యాయి. మిషను వానాకాలాన్ని, మధ్య గీతతో కలిపి సరిగ్గా పదక్షరాల 'బోర్‌వెల్ డబ్ల్యూ'గా ఉంచి, ఎండాకాలానికి 'బోర్‌వెల్ ఒకటి' అని తనే నామకరణం జరిపించింది.

రెండు వారాలకి అతని అత్తగారు రత్తమ్మ, ఊరి చివర తనుండే కాలనీ నుంచి నడిచొచ్చి గుమ్మంలో కూలబడింది.

"అల్లుడూ, ఈ ఏడు మా కాలనీకి ట్యాంకరు లేదంట. మా బోర్లో నీళ్లు పుష్కలమని బెజవాడ లిస్టులో ఉందంట. నువ్వు చేసేది మ్యాపుల పనేగా? ఆ నీళ్లెక్కడున్నయ్యో చూపించు, బిందె తెచ్చుకుంటా."

భార్య రూబీ నవ్వింది. ప్రేమానందం నవ్వలేదు. ఆ నీళ్లెక్కడున్నాయో అతనికి తెలిసిపోయింది. పోయిన వానాకాలంలో ఉన్నాయి.

మర్నాడు పొద్దున్నే బస్సెక్కాడు. కంచికచర్ల దాకా ఒంటికాలి మీద, కీసర నుంచి రెండు కాళ్ల మీద. నీళ్ల ఆఫీసులో నాగసాయి అనే ఇంజనీరు సాంతం విన్నాడు.

"ఆ 'ఒకటి' ఏదో చెత్త అనుకుని తీసేసి, మిగిలిన వరస చూసే లిస్టు రాశామండి. అలాంటి పేరు పెడితే ఎవరికి తెలుస్తుంది?"

"నేను పెట్టలేదండి."

"మరెవరు పెట్టారు?"

ప్రేమానందానికి చెప్పే ఓపిక లేదు. "తప్పు నాదేనండి. కాగితం జతచేయలా."

"లిస్టు మీద రేపు పదకొండింటికి సంతకాలు. ఆలోపు సరైన సీడీ తెస్తే మారుస్తా. తర్వాతైతే వచ్చే ఏడే."

మళ్లీ నందిగామ. అనిల్‌కుమార్ ఆపరేటరు మొహం చూసి టీ తెప్పించాడు. ప్రేమానందం ఒక వరసకి 'రెయినీ' అని, ఒక వరసకి 'సమ్మర్' అని పేర్లు పెట్టి, మార్చి, తెరిచి చూసుకుని, కాగితం రాసి రెండు పిన్నులు కొట్టాడు. పొద్దున మళ్లీ బెజవాడ. పదిన్నరకి సీడీ నాగసాయి చేతిలో పెట్టి, బల్ల మీద కూర్చుని, లిస్టు మారేదాకా కదల్లేదు. కాలనీ పేరు లిస్టుకెక్కింది. సంతకాలయ్యాయి.

ఏప్రిల్ రెండోవారంలో రత్తమ్మ కాలనీకి ట్యాంకరొచ్చింది. ఇంటికి మూడు బిందెలు.