చొక్కా జేబులో వంపు లెక్క

పాల ప్యాకెట్ల ఫ్యాక్టరీలో ఉదయం అయిదింటి షిఫ్టు ముగించుకుని మధ్యాహ్నం రెండింటికి ఇల్లు చేరితే, కోడలికి రెండో షిఫ్టు మొదలయ్యేది. పక్షవాతంతో ఎడమవైపు పడిపోయిన మామగారిని రెండు గంటలకోసారి తిప్పాలి. ఒకసారి ఎడమకి, ఒకసారి వెల్లకిలా, ఒకసారి కుడికి. పొద్దుటి వంతు పక్క వీధి నుంచి వచ్చే ఆడపడుచుది, సాయంత్రం వంతు కోడలిది, రాత్రి వంతు భర్తది. మంచం పక్కన మేకుకి ఒక నోటు పుస్తకం వేలాడేది. తిప్పినవాళ్లు అందులో టైము వేసి టిక్కు పెట్టేవారు. ఇలా ఏడు నెలలు గడిచాయి. ఆ ఇంట్లో ఎవరికీ గట్టిగా పోట్లాడుకునే ఓపిక కూడా మిగల్లేదు.

వారానికోసారి వచ్చే నర్సు ఆ రోజు మామగారి చొక్కా ఎత్తి, నడుం కింద కమిలిన చోట వేలితో నొక్కి చూసింది.

"చాలాసేపు వెల్లకిలా వదిలేస్తున్నారమ్మా. ఇది పుండయిందంటే మానడం కష్టం."

పుస్తకంలో టిక్కులన్నీ సరిగ్గానే ఉన్నాయి. కోడలు ఆడపడుచు వైపు చూసింది.

"నా వైపేం చూస్తావమ్మాయ్? తిప్పకుండా టిక్కు పెట్టే మనిషినా నేను?"

"నేనేమీ అనలేదు కదా వదినా."

"నోటితో అనలేదులే."

మర్నాడు ఫ్యాక్టరీలో, క్రేట్లు ఎత్తే యంత్రం పక్కకి వాలి ఆగిపోతే మెకానిక్కు వచ్చి అందులోంచి గోరంత ముక్కను ఊడదీసి మార్చాడు. అదేమిటని అడిగింది కోడలు.

"వంపు చెప్పే సెన్సరు చెల్లెమ్మా. యంత్రం ఎటు ఒరిగిందో దీనికి తెలుస్తుంది."

"మనిషి ఒరిగినా తెలుస్తుందా అన్నా?"

మెకానిక్కు ఆమె మొహంలోకి చూసి, "తెలుస్తుంది" అన్నాడు. రెండ్రోజుల తర్వాత తను సరదాకి వాడుకునే, బుల్లి కంప్యూటరు లాంటి మైక్రోకంట్రోలర్ బోర్డు, అలాంటిదే ఒక సెన్సరు, నాలుగు వైర్లు కాగితంలో చుట్టి ఇచ్చాడు. "రెండు వైర్లు కరెంటుకి, రెండు బోర్డుతో మాట్లాడుకోవడానికి. అంకెలు అది చెబుతుంది, అర్థం నువ్వే చెప్పుకోవాలి" అన్నాడు.

వారం రోజులు ఆమెకి తల ప్రాణం తోకకొచ్చింది. ఫోనులో వీడియో చూడటం, పాత లాప్‌టాప్‌లో ప్రోగ్రాము కొట్టడం, ఎక్కడో ఒక చుక్క తప్పిపోతే మళ్లీ మొదటికి రావడం. చివరికి మూడు దిక్కులకి మూడు గడుల్లో అంకెలు వచ్చాయి గానీ, బల్ల మీద కదలకుండా పడున్న సెన్సరు మూడో గడిలో ఒకటి చూపిస్తోంది.

"కదలనిది సున్నా కదా చూపించాలి? పాడైపోయిందేమో" అంది మెకానిక్కుతో.

"పాడవలేదు. భూమి లాగుతూనే ఉంటుంది కదా, అదే ఆ ఒకటి. ఒరిగిందనుకో, ఆ ఒకటి పక్క గడుల్లోకి పంపకమవుతుంది. ఆ పంపకం చూసే వంపు లెక్క కట్టాలి."

అంకెలు ఒకచోట నిలవకుండా గంతులేస్తుంటే, యాభైసార్లు చదివించి సగటు తీయడం నేర్చుకుంది. చొక్కా జేబులో సెన్సరు పెట్టి రెండు కుట్లు వేస్తుంటే మామగారు ముద్దముద్దగా, "గుండెకి మీటరు బిగించావా తల్లీ? బిల్లు ఎవరు కడతారు?" అన్నారు. లాప్‌టాప్ తెర మీద అంకెలు గీసిన గీత సన్నగా అలలు పోతోంది. ఏమిటా అని చూస్తే, అది ఆయన ఊపిరి. కాసేపు పని మర్చిపోయి దాన్నే చూస్తూ కూర్చుంది.

లాప్‌టాప్‌లో చేరిన అయిదు రోజుల లెక్క ఆదివారం ఉదయం తెరిచింది. ఆడపడుచు వంతు మెట్లు కట్టినట్టుంది. ఎనిమిదికి వెల్లకిలా, పదింటికి కుడివైపు ముప్ఫై డిగ్రీలు, పన్నెండుకి ఎడమవైపు ముప్ఫై, రెండింటికి వెల్లకిలా. అక్కణ్ణుంచి గీత చదును. నాలుగింటికి కుడికి తిరగాలి. అయిదు రోజుల్లో మూడు రోజులు తిరగలేదు, ఆరు దాకా అలాగే సాగింది. పుస్తకంలో ఆ మూడు రోజులకీ నాలుగు గంటల ఎదురుగా టిక్కు ఉంది. చేతిరాత తనదే.

సెన్సరు జారిందేమోనని కుట్లు లాగి చూసింది. గట్టిగానే ఉన్నాయి.

ఆడపడుచుని పిలిచి చూపించడానికి మొహం చెల్లలేదు. అయినా పిలిచింది.

"నాకేం తెలుస్తాయే ఈ గీతలు?"

"మెట్లలా ఉన్నవి మీవి వదినా. ఈ చదునుగా ఉన్నది నాది."

"మరి టిక్కు?"

"నేనే పెట్టాను. తిప్పినట్టు గుర్తు కూడా ఉంది. గడియారం చూసుకుని, టిక్కు పెట్టి, కుర్చీలో కూలబడి నిద్రపోయుంటాను."

మంచం మీంచి మామగారు గొంతు సవరించుకున్నారు. "నాకు తెలుసు. గురక పెడుతున్నావు. లేపబుద్ధి కాలేదు."

"లేపాలి కదా మామయ్యా," అంది కోడలు.

"పదిహేను రోజులు నన్ను దొంగని చూసినట్టు చూశావు" అంది ఆడపడుచు.

"చూశాను."

"పొద్దున ఎన్నింటికి లేస్తున్నావు?"

"మూడున్నరకి."

ఆడపడుచు పుస్తకం మేకుకి తగిలించింది. "రేపట్నుంచి నాలుగు దాకా నేనుంటాను. నాన్నని తిప్పే వెళతాను. నువ్వు రాగానే పడుకో."

"కోపం పోయిందా వదినా?"

"పోలేదు. పోయేటప్పుడు పోతుంది. నువ్వు మాత్రం పడుకో."

మెకానిక్కు సాయంతో బోర్డుకి చిన్న బజరు తగిలించింది. రెండు గంటలు దాటినా వంపు మారకపోతే అది కూస్తుంది. కమిలిన చోటు ఎరుపు తగ్గడానికి నాలుగు వారాలు పట్టింది. నర్సు చూసి సంతోషించి, వెనక వీధిలో తను చూసే ముసలావిడకి కూడా ఇలాంటిదొకటి కట్టివ్వగలవా అని అడిగింది.

"ఇస్తాను గానీ ఈ వారం కాదండీ" అంది కోడలు, అప్పటికే కళ్లు మూతలు పడుతుండగా. "ముందు కొన్నాళ్లు నిద్రపోవాలి."