డెమోకే పరిమితమైన హైమవతి గారు

అమీర్‌పేటలోని మా స్పోకెన్ ఇంగ్లిష్ ఇన్‌స్టిట్యూట్ రిసెప్షన్‌లో కూర్చునేది నేనే, సంగీతను. ఇక్కడి పద్ధతి తలుచుకుంటేనే నాకు కంపరం పుడుతుంది. ఉచితంగా డెమో క్లాసు చెప్పేది ఒకరు, జనం చేరాక బ్యాచ్‌కి వచ్చేది ఇంకొకరు. ఇదేంటని అడిగితే మార్కెటింగ్ అంటారు. ఛీ, సిగ్గులేని బతుకులు!

మా డెమో మేడం హైమవతి గారు, కాకినాడావిడ. ఒకేలా వినిపించే ఇంగ్లిష్ మాటల్ని ఆవిడ విడదీసి చెప్తుంటే చూడాలి. "బనీనునీ వెస్ట్ అంటాం, పడమరనీ వెస్ట్ అంటాం. బనీనుకి పైపళ్లు కింది పెదవికి ఆనించండి. పడమరకి ఈల వేస్తున్నట్టు పెదాలు గుండ్రంగా చుట్టండి," అంటారు. గొంతు మీద వేలు పెట్టించి, ధర అనే ప్రైస్‌కి చివర గొంతు అదరదనీ, బహుమతి అనే ప్రైజ్‌కి జుమ్మంటుందనీ చూపిస్తారు. హాలంతా నవ్వుతూ నోళ్లు తిప్పుతుంది. ఆ ఊపులోనే వచ్చి నా దగ్గర ఫీజు కట్టేస్తారు. మర్నాడు బ్యాచ్‌లో ఎవడో వచ్చి వీడియో పెట్టేసి, ఫోన్ నొక్కుకుంటూ బయటికి పోతాడు.

అలా చేరినదే బోరబండ ప్రమోద. అమ్మతో కలిసి జాకెట్లు కుడుతుంది. గురువారం పంజాగుట్టలో ఒక ఆస్పత్రి రిసెప్షన్ ఉద్యోగానికి ఇంటర్వ్యూ. చేరాక సోమవారం కొత్తవాళ్ల డెమో అవగానే వచ్చి హైమవతి గారికి అడ్డంగా నిలబడింది.

"మేడం, మిమ్మల్ని చూసే చేరిన. గా బ్యాచ్ సారు అడిగితే సుత చెప్తలేడు. నొప్పిని పెన్ అనాల్నా, పెయిన్ అనాల్నా అంటే నవ్విండు. జర మీరే చెప్పుర్రి."

మా ఓనర్ జోగారావు తన గదిలోంచే కేకేశాడు. "హైమవతి గారూ, మీరు డెమో వరకే! బ్యాచ్ వాళ్లతో మీకేంటండీ?"

వాడి మొహాన ఉమ్మేయాలనిపించింది నాకు. హైమవతి గారు ప్రమోదను ఖాళీ హాల్లోకి తీసుకెళ్లారు. నేనూ వెనకే వెళ్లాను.

"రాసే పెన్ను పొట్టిగా, నొప్పి కాస్త సాగదీసి అనమ్మా," అన్నారు. ప్రమోద అనేసింది. తర్వాత బనీను, పడమర, ధర, బహుమతి అన్నీ టకటకా అప్పజెప్పింది.

"గివన్నీ డెమోలనే వచ్చినయి మేడం. పేషెంటుతోటి మాట్లాడేటప్పుడు మాటలు ఎట్ల కలిపి అనాలె? తర్వాతి పాఠం చెప్పుర్రి."

హైమవతి గారు నోరు తెరిచి ఆగిపోయారు. బోర్డు వైపు చూశారు. తెలియక కాదు, ఇంగ్లిష్‌లో ఎం.ఏ. చేసిన మనిషి. కానీ ఇన్నేళ్లుగా ఆవిణ్ణి ఎప్పుడూ ఈ డెమో పాఠం దగ్గరే ఆపేశారు. అంత చదువూ గాలానికి గుచ్చిన ఎరగా మిగిలింది.

ఆవిడ కళ్లు తుడుచుకుని ప్రమోద పక్కన కూర్చున్నారు. "నాకు అలవాటు తప్పిపోయిందమ్మా. రేపు పొద్దున్నే మా ఇంటికి రా. రెండో పాఠం తయారుచేసుకుని ఉంటాను."

తర్వాత నావైపు తిరిగారు.

"సంగీతా, జోగారావు గారితో చెప్పు. బ్యాచ్‌కి ఎవరు చెప్తారో రేపు డెమోకి వాళ్లనే నిలబెట్టమను."